ఏ యోగా మీకు నప్పుతుంది? ఒంగోలులో నేను రోజూ వినే అపోహలు

కొత్తగా చేరడానికి వచ్చేవాళ్ళు ముందు ఫీజు అడుగుతారు, ఆ వెంటనే "మీరు చెప్పేది పవర్ యోగానా సార్, హఠ యోగానా?" అంటారు. యూట్యూబ్ పుణ్యమా అని పేర్లు అందరికీ వచ్చేశాయి. నేనేమో మీరు పొద్దస్తమానం ఏం పని చేస్తారు, రాత్రి ఎన్నింటికి పడుకుంటారు, బిళ్ళలేమైనా వాడుతున్నారా అని అడుగుతాను. యోగా నేర్పమంటే డాక్టర్ లాగా ఆరాలేంటి అని కొందరికి చిరాకు కూడా. ఏ రకం పనికొస్తుందో తేలేది మాత్రం ఆ జవాబుల్లోనే.

అపోహ: అసలు యోగా ఒక్కటే, మిగతావన్నీ ఫారిన్ వాళ్ళు కలిపినవి

ఈ మాట పెద్దవాళ్ళు గట్టిగా అంటారు. పతంజలి యోగసూత్రాలు దాదాపు 195 ఉంటే ఆసనం గురించి నేరుగా చెప్పినవి మూడే. 15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపిక వర్ణించేది 15 ఆసనాలు, వాటిలోనూ కూర్చుని చేసేవే ఎక్కువ. ఈ రోజు మనం క్లాసుల్లో చూసే, నిలబడి ఒకదాని నుంచి ఇంకోదానిలోకి వెళ్ళే పద్ధతిలో చాలా భాగం 1930ల్లో మైసూరు ప్యాలెస్ యోగశాలలో కృష్ణమాచార్య గారి దగ్గర రూపు దిద్దుకుంది. అక్కడ నేర్చుకునేది ఎక్కువగా కుర్రాళ్ళు, కాబట్టి వేగం, దూకుడు ఉండేవి. ఆయన శిష్యుడు పట్టాభి జోయిస్ ఆ వేగాన్నే పట్టుకుని అష్టాంగ విన్యాస నేర్పారు. కృష్ణమాచార్య గారి స్వయానా బావమరిది బి.కె.ఎస్. అయ్యంగార్ చిన్నప్పుడు క్షయతో, నానా జబ్బులతో చిక్కిపోయిన మనిషి. ఆయన పుణెలో బెల్టులు, దిమ్మెలు, కుర్చీలతో ఒక్కో ఆసనాన్ని నిలకడగా, కొలిచినట్టు చేయించారు. కృష్ణమాచార్య గారే తర్వాత మద్రాసులో ఒక్కో మనిషిని కూర్చోబెట్టుకుని వాళ్ళ వయసుకు, జబ్బుకు తగ్గట్టు వేరేగా చెప్పారు, ఆ దారి కొడుకు దేశికాచార్ అందుకున్నారు. గురువు ఒక్కరే, ఎదురుగా కూర్చున్నవాళ్ళను బట్టి నేర్పడం మారింది. అందుకే ఎవరైనా నా ముందు ఏది అసలుది, ఏది నకిలీది అని వాదనకు దిగితే నేను మ్యాట్ పరిచేసుకుంటాను.

అపోహ: బెల్టు, కుర్చీ, దిండు ముసలోళ్ళకే

నా దగ్గరికి పొగాకు గ్రేడింగ్ చేసే ఆడవాళ్ళు వస్తారు. రోజంతా కింద కూర్చుని వంగి ఆకు ఏరడమే పని, సాయంత్రానికి నడుం పట్టేస్తుంది. వాళ్ళను కాళ్ళు చాపి ముందుకు వంగే పశ్చిమోత్తానాసనం చెయ్యమంటే తొడ వెనక కండరాలు బిగుసుకుని ఉంటాయి కాబట్టి తుంటి కదలదు, వంగేదంతా నడుమే, అంటే పొద్దున్నుంచీ నలిగిన చోటే మళ్ళీ నలుగుతుంది. అదే మనిషికి పిరుదుల కింద మడిచిన దుప్పటి పెట్టి, మోకాళ్ళు కాస్త పైకి లేపమని, పాదాలకు తువ్వాలు తగిలించి రెండు చేతులతో పట్టుకోమని చెప్పండి, వీపు నిలువుగా లేస్తుంది, లాగుడు తొడల వెనక్కి దిగుతుంది. "ఇప్పుడు తెలుస్తోంది సార్" అంటారు. ముక్కు మోకాలికి తగలాలన్న రూలు ఎవరూ పెట్టలేదు. లాప్‌టాప్ ముందు కూర్చునే వర్క్ ఫ్రం హోమ్ పిల్లలకు కూడా అయ్యంగార్ పద్ధతే చెబుతాను, వాళ్ళ భుజాలు ముందుకు వాలిపోయి ఉంటాయి మరి.

మోకాళ్ళు అరిగినవాళ్ళకు ఇది కూడా ఎక్కువే. వాళ్ళకు ముంగేర్‌లోని బిహార్ స్కూల్ ఆఫ్ యోగా వాళ్ళ పవనముక్తాసన వరస చాలు. కాలి వేళ్ళ దగ్గర మొదలుపెట్టి మెడ దాకా ఒక్కో కీలును కదిలించడం అది. కుర్చీలో కూర్చుని చేసుకోవచ్చు.

అపోహ: చెమట పట్టకపోతే డబ్బులు దండగ

చెమటలో పోయేది నీరు, కొవ్వు కాదు. హాట్ యోగా అని బిక్రమ్ పద్ధతిలో గదిని 40 డిగ్రీలకు వేడి చేసి గంటన్నర పాటు 26 ఆసనాలు చేయిస్తారు. మనకు ఆ హీటర్ ఖర్చు కూడా లేదు, రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊళ్ళు మనవి. అంత వేడిలో ఒళ్ళు మామూలు కంటే ఎక్కువ సాగినట్టు అనిపిస్తుంది, కీళ్ళు ఓర్చుకోగలిగినదాన్ని దాటిపోయిన సంగతి మర్నాడు పొద్దున కానీ తెలియదు. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, బీపీ బిళ్ళలు మింగేవాళ్ళు దాని జోలికి వెళ్ళొద్దు. మిగతావాళ్ళు కూడా మే నెలలో ఎండ ఎక్కకముందే క్లాసు ముగించుకోండి.

ఇందులోనే ఇంకో సంగతి. రొయ్యల చెరువుల వాళ్ళు కొందరు రాత్రంతా చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ల దగ్గర జాగారం చేసి తెల్లారి ఐదింటికి వస్తారు, "నాకు ఫుల్ స్పీడ్‌ది పెట్టు మాస్టారూ" అంటారు. నిద్ర లేదు, కరెంటు పోతుందేమోనన్న టెన్షన్ వేరే. అలాంటి మనిషికి శివానంద పద్ధతి చెబుతాను. అందులో ఉన్నవే 12 ప్రధాన ఆసనాలు, మధ్య మధ్య శవాసనం, చివర్లో పెద్ద విశ్రాంతి. "పడుకోవడానికి కూడా డబ్బులు కట్టాలా" అని ఎగతాళి చేసేది వాళ్ళే, పది నిమిషాల్లో గురక పెట్టేదీ వాళ్ళే. జనం తమకు అలవాటైనదాన్నే ఎంచుకుంటారు, తక్కువైనదాన్ని కాదు. పరుగులు పెట్టేవాడికి వేగం కావాలి, ఒళ్ళు విల్లులా వంగే కూచిపూడి పిల్లలకు ఇంకా వంగే ఆసనాలు కావాలి. ఆ పిల్లల్లో కొందరికి మోకాళ్ళు వెనక్కి కూడా వంగుతాయి, వాళ్ళకు కావలసింది ఉత్కటాసనం (కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్ళు వంచి నిలబడటం), ప్లాంక్ (చేతుల మీద ఒళ్ళు కర్రలా నిలపడం) లాంటి బలం పెంచేవి. మొహం మాడ్చుకునే చేస్తారనుకోండి.

అపోహ: కపాలభాతి, శీర్షాసనం ఎవరైనా చెయ్యొచ్చు

చెయ్యకూడదు. కపాలభాతి అంటే పొట్టను లోపలికి కొడుతూ ఊపిరిని గబగబా బయటికి వదలడం. హై బీపీ, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవాళ్ళు, గర్భిణులు, ఈ మధ్య కడుపు ఆపరేషన్ అయినవాళ్ళు కపాలభాతి వదిలేయాలి. కంట్లో నీటికాసులు (గ్లకోమా) ఉన్నవాళ్ళు, షుగర్ వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవాళ్ళు తలకిందులయ్యే ఆసనాలు వెయ్యకూడదు, ఎందుకంటే శీర్షాసనంలో కంటి లోపలి ఒత్తిడి బాగా పెరుగుతుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు పరగడుపున గంటసేపు చెయ్యడం గురించి ముందు డాక్టర్‌ను అడగండి.

క్లాసు చూడటానికి వెళ్తే మాస్టారును ఒక్కటి అడగండి, "నాకు మోకాలు నొప్పి, నా కోసం ఏం మారుస్తారు?" అని. "అందరితో పాటు చెయ్, అదే పోతుంది" అంటే ఇంకో చోటు చూసుకోండి. రెండు మూడు వారాలు చేశాక కండరం లాగితే ఫర్లేదు, కీలులో పోటు వస్తుంటే ఆపాల్సిందే.

కనిగిరి, పామూరు వైపు పల్లెల నుంచి, దగ్గర్లో నేర్పేవాళ్ళు లేరు ఎట్టా అని అడుగుతుంటారు. ఆయుష్ శాఖ వాళ్ళ 45 నిమిషాల కామన్ యోగా ప్రోటోకాల్ ఉంది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, 2025లో రాష్ట్ర ప్రభుత్వం జరిపిన యోగాంధ్రకు వెళ్ళినవాళ్ళకు పరిచయమే. ప్రార్థన అయ్యాక మెడ, భుజాలు తిప్పడంతో మొదలై ధ్యానం, సంకల్పం, శాంతి పాఠంతో ముగుస్తుంది. అందులోనూ కపాలభాతి ఉంటుంది కాబట్టి పైన చెప్పిన ఇబ్బందులున్నవాళ్ళు ఆ భాగం దాటేసి నేరుగా నాడీశోధనకు, అంటే ఒక్కో ముక్కు రంధ్రంతో మార్చి మార్చి ఊపిరి పీల్చేదానికి, వెళ్ళిపోండి.