ఫోను, ప్రైవసీ, పెద్ద కంపెనీలు: సెల్ రిపేర్ బల్ల దగ్గర రోజూ వినిపించే అపోహలు - వాస్తవాలు

రాజోలులో మాది సెల్‌ఫోన్ల సర్వీసు షాపు, దాన్ని ఆనుకునే నెట్ సెంటర్. కొబ్బరి రైతులు, రొయ్యల చెరువుల వాళ్లు, కువైట్‌లోనో మస్కట్‌లోనో మనిషి ఉన్న ఇళ్ల వాళ్లు, డిగ్రీ పిల్లలు, అందరి ఫోన్లూ మా బల్ల మీదికి వస్తాయి. గూగుల్ అన్నా ఫేస్‌బుక్ అన్నా మావాళ్లలో చాలామందికి అనుమానమే. ఆ అనుమానం ఉండాలి, నాకూ ఉంది. నా బాధేమిటంటే, భయపడక్కర్లేని చోట హడలిపోతారు, జాగ్రత్తపడాల్సిన చోట ఫోన్ లాక్ తీసి చేతిలో పెట్టేస్తారు. షాపులో రోజూ చెప్పే మాటలే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: ఫోన్ మన మాటలు విని యాడ్లు పంపిస్తుంది

"చెరువు గట్టు మీద మా బావతో ఏరియేటర్ల (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) గురించి మాట్లాడానండి. సాయంత్రానికి ఫేస్‌బుక్‌లో ఏరియేటర్ల యాడ్ వచ్చేసింది." ఈ మాట ఎవరో ఒకరు అంటూనే ఉంటారు.

వాస్తవం: మామూలు యాప్‌లు దొంగచాటుగా మైకు ఆన్ చేసి, యాడ్ల కోసం మన మాటలు పంపుతున్నాయని గట్టి రుజువు దొరకలేదు. అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు 2018లో 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించారు. అలా మాటలు పంపే యాప్ ఒక్కటీ వాళ్లకు కనబడలేదు. కొన్ని యాప్‌లు మాత్రం మనం స్క్రీన్ మీద చేసే పనిని వీడియోగా తీసి బయటి కంపెనీలకు పంపుతూ దొరికాయి. దాని గురించి మా షాపులో ఒక్కరూ అడగలేదు.

మరి ఆ ఏరియేటర్ల యాడ్ ఎలా వచ్చింది? అలా అడిగినవాళ్ల ఫోన్‌లోనే గూగుల్ అకౌంట్‌లో 'మై యాక్టివిటీ' తెరిచి చూపిస్తాను. అంతకు ముందు రోజుల్లో యూట్యూబ్‌లో చెరువుల్లో ఆక్సిజన్ తగ్గడం మీద చూసిన వీడియోలు అక్కడ టైముతో సహా ఉంటాయి. ఫేస్‌బుక్‌లో రొయ్యల కౌంట్ రేట్ల గ్రూపులో చేరి ఉంటారు. లొకేషన్ ఆన్‌లో ఉంటే పొద్దుటి నుంచీ చెరువుల దగ్గరే ఉన్నారని తెలుస్తూనే ఉంటుంది. అదే గట్టు మీద ఉన్న బావ తన ఫోన్‌లో ధరలు వెతికి ఉంటాడు. ఇన్ని తెలిసిన కంపెనీకి ఇంక మాటలు వినాల్సిన అవసరం ఏముంది? నాకు మైకు కంటే ఆ లిస్టే భయం. వింటున్నారని ఊహించుకుంటున్నాం గానీ, మనమే రాసిచ్చిన లిస్టు కళ్ల ముందే ఉంది.

వాయిస్ అసిస్టెంట్ల సంగతి వేరు. సిరి, గూగుల్ అసిస్టెంట్ రికార్డు చేసిన ముక్కలను కాంట్రాక్టు ఉద్యోగులు విన్నారని 2019లో బయటపడింది. సిరి కేసులో యాపిల్ 9.5 కోట్ల డాలర్లకు రాజీ పడినట్టు 2025 జనవరిలో వెల్లడైంది. వాడకపోతే వాటిని ఆపేయండి. ఆండ్రాయిడ్ 12 నుంచీ మైకు గానీ కెమెరా గానీ పని చేస్తుంటే స్క్రీన్ పైన మూలలో ఆకుపచ్చ గుర్తు వస్తుంది. దాన్ని గమనించడం అలవాటు చేసుకోండి.

అపోహ: నా దగ్గర దాచడానికి ఏముంది, చూసుకోనీ

ఈ మాటకే నాకు ఎక్కువ కష్టంగా ఉంటుంది, ఎందుకంటే అనేవాళ్లు మంచివాళ్లు. తప్పుడు పనేదీ చేయలేదు కాబట్టి భయం లేదని వాళ్ల ఉద్దేశం.

వాస్తవం: ఫోన్ మీదే. అందులో ఉన్నవి మాత్రం మీ ఒక్కరివే కావు. కాంటాక్ట్స్‌లో చెల్లెలి నంబరు, డాక్టరు గారి నంబరు, అప్పిచ్చినాయన నంబరు ఉంటాయి. గ్యాలరీలో మనవరాలి స్నానం ఫోటో, మస్కట్ వెళ్లబోయే వదిన పాస్‌పోర్టు కాపీ, ఆవిడ మెడికల్ రిపోర్టు ఉంటాయి. టార్చిలైటు యాప్ కాంటాక్ట్స్ అడిగితే 'అలో' నొక్కేటప్పుడు వీళ్లందరి తరఫునా మీరే ఒప్పుకుంటున్నారు. వాళ్లను ఎవరు అడిగారు?

దీనికి నేను చెప్పే లెక్క ఒకటుంది. ఫేస్‌బుక్‌లో ఒక క్విజ్ యాప్ ద్వారా జనం సమాచారం లాగి, కేంబ్రిడ్జి అనలిటికా అనే ఎన్నికల ప్రచార కంపెనీకి ఇచ్చిన గొడవ 2018లో బయటికొచ్చినప్పుడు, ఆ యాప్‌ను మన దేశంలో ఎక్కించుకున్నవాళ్లు 335 మంది అని ఫేస్‌బుక్కే చెప్పింది. సమాచారం పోయి ఉండే అవకాశమున్న భారతీయులు మాత్రం 5,62,455 మంది. మిగతా అందరూ ఆ యాప్ మొహం కూడా చూడనివాళ్లే. ఎక్కడో ఎవరో స్నేహితుడు దాన్ని వాడాడు, అంతే. ఆ వ్యవహారంలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2019లో ఫేస్‌బుక్‌కు 500 కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

అంత దూరం ఎందుకు, లోన్ యాప్‌లు చాలు. మూడు వేలు అప్పు తీసుకున్నవాడి ఫోన్‌లో కాంటాక్ట్స్ లాగేసి, వాయిదా దాటగానే వాడి మేనమామకు, స్కూలు మేష్టారికి, పెళ్లి కుదిరిన ఇంటికి ఫోన్లు చేసి, ఫోటోలు మార్ఫింగ్ చేసి పంపారు. మన జిల్లాల్లో ఆ టెన్షన్ తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. ఆ తర్వాతే, 2022 సెప్టెంబరులో, రుణ యాప్‌లు కాంటాక్ట్స్, కాల్ లాగ్, గ్యాలరీ జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. 2023లో గూగుల్ కూడా ప్లే స్టోర్‌లో అదే ఆపింది. ఇప్పుడు ఏ రుణ యాప్ అయినా కాంటాక్ట్స్ అడిగిందంటే అది నిబంధన ప్రకారం నడిచేది కాదని అక్కడికక్కడే తేలిపోయినట్టే.

అపోహ: వాట్సాప్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, ఎవరికీ కనబడదు

వాస్తవం: పంపిన ఫోన్ నుంచి అందుకున్న ఫోన్ దాకా మధ్యలో ఎవరూ చదవలేరన్నది నిజం. 2016 నుంచీ అలాగే ఉంది, నేను దాన్ని తక్కువ చేయను. అయితే ఎవరు ఎవరికి ఎప్పుడు పంపారు, ఏ గ్రూపులో ఎవరున్నారు అన్న సమాచారం కంపెనీకి తెలుస్తుంది. గూగుల్ డ్రైవ్‌లోకి వెళ్లే బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ మనం విడిగా ఆన్ చేసుకోవాలి, చాలామంది చేసుకోరు. అన్నిటికంటే ముందు, గ్రూపులో రెండొందల మంది ఉంటే ఆ మెసేజ్ రెండొందల ఫోన్లలో ఉంటుంది. 2022 మే 24న అమలాపురంలో గొడవలయ్యాక కోనసీమలో రోజుల తరబడి నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే కుర్రాళ్లు సిగ్నల్ కోసం గోదావరి గట్టుకు పరిగెత్తారు. అది మనందరికీ గుర్తే. అప్పటి అరెస్టులకు వాట్సాప్ గ్రూపుల్లోని మెసేజ్‌లు, వీడియోలు కూడా ఆధారమయ్యాయని పోలీసులే చెప్పారు. అందుకోసం ఎన్‌క్రిప్షన్ ఛేదించాల్సిన పనేమీ లేదు.

నెట్ సెంటర్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ప్రింటు కోసం వాట్సాప్ వెబ్ తెరుస్తారు, కాగితం చేతికి రాగానే వెళ్లిపోతారు. లాగౌట్ చేయరు. సాయంత్రం దాకా వాళ్ల ఇంటి మాటలన్నీ ఆ తెర మీద ఒకటొకటిగా పడుతూనే ఉంటాయి. ఫోన్‌లో 'లింక్‌డ్ డివైజెస్' తెరిచి చూసుకోండి, తెలియని కంప్యూటర్ కనిపిస్తే తీసేయండి.

అపోహ: ఆధార్ జిరాక్సే కదా, ఇస్తే ఏం పోతుంది

వాస్తవం: ఏ నెట్ సెంటర్ కంప్యూటర్‌లోనైనా డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరవండి. ఆధార్‌లు, 1బి, అడంగల్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, పాస్‌పోర్టు, అన్నీ పేర్లతో సహా వరసగా కూర్చుని ఉంటాయి. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుందిగా అంటారు. పేరులో మొదటి నాలుగు ఇంగ్లిషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, అంతే ఆ పాస్‌వర్డ్. మీ పేరు, వయసు తెలిసిన ఎవరైనా తెరుస్తారు. మా దగ్గర షాపు కట్టేముందు ఆ ఫోల్డర్, రీసైకిల్ బిన్ రెండూ ఖాళీ చేస్తాం. అన్ని చోట్లా చేస్తారనుకోకండి. ముందు నిలబడి డిలీట్ చేయించుకోండి, అందులో మొహమాటం ఏమీ లేదు.

ఆధార్‌తో డబ్బు తీసే విధానంలో ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. ఓటీపీ లేదు, పిన్ లేదు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలను అచ్చు తీసి ఖాతాలు ఖాళీ చేసిన కేసులు మన తెలుగు రాష్ట్రాల్లోనే నమోదయ్యాయి. దీనికి మందు ఆధార్ యాప్‌లో గానీ వెబ్‌సైట్‌లో గానీ ఉన్న బయోమెట్రిక్ లాక్, అంటే మన వేలిముద్ర పనిచేయకుండా తాళం వేయడం. కాకపోతే అందరికీ ఒకటే సలహా ఇవ్వలేను. ఒకటో తారీఖున వేలిముద్ర వేసి పింఛను తీసుకునే పెద్దవాళ్లకు, రేషన్‌కు వెళ్లేవాళ్లకు ప్రతిసారీ లాక్ తీయడం ఇబ్బంది. వాళ్లకు తోడుగా ఉండి చేసిపెట్టేవాళ్లుంటేనే పెట్టండి. ఉద్యోగస్తులు, కుర్రాళ్లు, పొలం రిజిస్ట్రేషన్ చేయించుకున్నవాళ్లు మాత్రం ఇవాళే పెట్టుకోవచ్చు. గుర్తింపు చూపడానికి చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలా చోట్ల సరిపోతుంది. జిరాక్సులు ఎక్కడపడితే అక్కడ ఇవ్వొద్దని 2022 మే 27న ఆధార్ సంస్థ ప్రాంతీయ కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది. రెండు రోజుల్లోనే దాన్ని వెనక్కి తీసుకున్నారు. నా దృష్టిలో ఆ సలహా సరైనదే.

మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కేంద్ర టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలో చూసుకోవచ్చు. మీవి కానివి కనిపిస్తే అక్కడే ఫిర్యాదు పెట్టొచ్చు.

అపోహ: ఇన్‌కాగ్నిటోలో చూస్తే ఎవరికీ తెలియదు

వాస్తవం: ఇది బ్రౌజర్‌లోని ప్రైవేట్ విండో. మీ ఫోన్‌లో హిస్టరీ మిగలదు, అంతవరకే. నెట్ ఇచ్చే కంపెనీకి, మీరు చూసిన సైటుకు తెలుస్తుంది. ఇన్‌కాగ్నిటోలో కూడా సమాచారం సేకరించిందన్న కేసులో గూగుల్ కోట్లాది రికార్డులు చెరిపేయడానికి 2024లో ఒప్పుకుంది.

అపోహ: ఐఫోన్ కొంటే ఈ గొడవలేవీ ఉండవు

వాస్తవం: కొంత మెరుగే. ఒక యాప్ ఇతర యాప్‌లలో, సైట్లలో మన వెంట పడాలంటే ముందు అడగాలన్న నియమం 2021లో తెచ్చింది యాపిలే. అదే యాపిల్, సఫారీలో సెర్చ్ గూగుల్‌దే ఉంచినందుకు 2022 ఒక్క ఏడాదిలో గూగుల్ దగ్గర 2,000 కోట్ల డాలర్లు తీసుకుందని అమెరికా కోర్టు కేసులో బయటపడింది. అప్పు చేసి ఐఫోన్ కొనాల్సిన పనిలేదు.

అపోహ: తెలిసినవాళ్లు పంపిన ఫైలు కాబట్టి ఫర్వాలేదు

వాస్తవం: 'పీఎం కిసాన్', 'ఈ-చలాన్', 'శుభలేఖ' లాంటి పేర్లతో వచ్చే ఏపీకే ఫైళ్లు (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించేవి) చాలావరకు తెలిసినవాళ్ల నంబరు నుంచే వస్తాయి. ముందు వాళ్ల ఫోన్ మోసగాడి చేతికి చిక్కింది, అక్కడి నుంచి మీకు వచ్చింది. ఎక్కించుకోగానే ఎస్‌ఎంఎస్ చదివే అనుమతి అడుగుతుంది, ఇస్తే బ్యాంకు ఓటీపీలు వాడికి వెళ్తాయి. శుభలేఖ ఫోటోగానో పీడీఎఫ్‌గానో రావాలి గానీ యాప్‌లాగా ఎందుకొస్తుంది? పొరపాటున నొక్కితే ముందు డేటా, వైఫై ఆపండి, వేరే ఫోన్ నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి, తర్వాత బ్యాంకుకు. ఎంత త్వరగా చేస్తే డబ్బు అంతగా ఆగుతుంది. షాపుకు తెచ్చి చూపించడం ఆ తర్వాత.

అపోహ: రిపేరుకు ఇస్తే ప్యాటర్న్ చెప్పాల్సిందే

వాస్తవం: చార్జింగ్ పిన్, బ్యాటరీ, స్పీకర్ మార్చడానికి లాక్ అక్కర్లేదు. డిస్‌ప్లే కాంబో (అద్దం, టచ్ కలిసిన స్క్రీన్) వేశాక టచ్ చూడాలంటే మీరు వచ్చినప్పుడు మీ చేతులతోనే తీసి చూసుకోవచ్చు. అయినా చాలా షాపుల్లో ఫోన్ వెనక స్టిక్కర్ మీద తొమ్మిది చుక్కలు పెట్టి, గీత గీసి, పేరు రాసి అతికిస్తారు. ఆ ఫోన్ రాత్రంతా బల్ల మీదే ఉంటుంది, దారినపోయే ఎవరైనా ఆ గీత చదవొచ్చు. ఆడపిల్లల ఫోన్ల విషయంలో ఇది చాలా ప్రమాదం, మా వృత్తివాళ్లం మానుకోవాల్సిన అలవాటు. శాంసంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఉన్నాయి. ఆన్ చేసి ఇస్తే ఫోటోలు, మెసేజ్‌లు మాకు కనబడవు. అమ్మేటప్పుడు గూగుల్ అకౌంట్ తీసేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, మెమరీ కార్డు బయటికి లాగి మరీ ఇవ్వండి. రీసెట్ చేస్తే కార్డులోనివి పోవు.

అపోహ: అంత పెద్ద కంపెనీలతో మనం ఏం చేయగలం

వాస్తవం: వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారు. ఆ కేసు వేసిన జస్టిస్ పుట్టస్వామి అప్పటికే రిటైరైన పెద్దాయన. వాట్సాప్ 2021లో బలవంతంగా ఒప్పించుకున్న పాలసీకి 2024 నవంబరులో కాంపిటీషన్ కమిషన్ దాని సొంతదారు మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2025 నవంబరులో అప్పీలు విన్న ట్రిబ్యునల్ ఆ జరిమానాను నిలబెట్టింది.

2023లో వచ్చిన డేటా రక్షణ చట్టంలో నాకు నచ్చిన మాట ఒకటుంది. మన సమ్మతి అడిగే నోటీసు ఇంగ్లిషులోనే కాకుండా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో దేంట్లోనైనా చదువుకునే వీలుండాలి, అంటే తెలుగులో కూడా. ఇచ్చిన సమ్మతిని ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలు కూడా ఉండాలి. ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే వెసులుబాటు మాత్రం అందులో ఎక్కువే ఉంది, అది నాకు నచ్చలేదు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీల మీద అసలు బాధ్యతలు పడేది 18 నెలల తర్వాత, అంటే 2027లో.

ఈలోపు గూగుల్ అకౌంట్‌లో 'డేటా అండ్ ప్రైవసీ'కి వెళ్లి, 'వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ', యూట్యూబ్ హిస్టరీ రెండింటికీ మూడు నెలల ఆటో డిలీట్ పెట్టుకోండి. చేతకాకపోతే షాపుకు తీసుకురండి, డబ్బులేమీ వద్దు. లాక్ మాత్రం మీరే తీసి, పక్కన నిలబడి చూడండి.