ఆపమని ఎవరూ అనలేదు: మీడియా నియంత్రణపై అపోహలు - వాస్తవాలు

పత్రికలో వార్తలు దిద్దే డెస్క్‌లో పనిచేసేవాణ్ని కాబట్టి నలుగురు కలిసిన ప్రతిచోటా నాకు ఇదే గొడవ. "మిమ్మల్ని అడిగేవాళ్లే లేరు" అంటారు ఒకరు. "పైవాళ్లు చెప్పిందేగా మీరు రాసేది" అంటారు ఆ పక్కనే ఇంకొకరు.

అపోహ: రాజ్యాంగం పత్రికలకు ప్రత్యేక స్వేచ్ఛ ఇచ్చింది.

ఇవ్వలేదు. 19(1)(ఎ) అధికరణంలో పత్రిక అన్న మాటే కనిపించదు. అక్కడున్నది పౌరుడి వాక్ స్వాతంత్ర్యం. పత్రికల గురించి విడిగా రాయనక్కర్లేదని రాజ్యాంగ సభలో అంబేడ్కరే చెప్పారు. విలేకరికి బిగించిన సంకెళ్లు రేపు మీ ఫేస్‌బుక్ పోస్టుకూ సరిపోతాయి.

అపోహ: మీడియాకు చట్టాలే లేవు.

పరువునష్టం మన దేశంలో నేరం. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు. కోర్టు ధిక్కారం, అధికార రహస్యాల చట్టం, కేబుల్ టీవీ చట్టం, 2021 ఐటీ నిబంధనలు వేరే ఉన్నాయి. పత్రికలపై ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ మాత్రం హెచ్చరించగలదు, మందలించగలదు, అభిశంసించగలదు, అంతే. జరిమానా వేయలేదు. టీవీ దాని పరిధిలోకే రాదు. కోరల్లేని పాము అని నవ్వుతారు. కోరలు పెట్టాక అది ఎవర్ని కాటేస్తుందన్నదే నా అనుమానం.

అపోహ: సెన్సార్‌షిప్ ఎమర్జెన్సీతోనే పోయింది.

1975 జూన్ 25 రాత్రి ఢిల్లీ బహదూర్ షా జఫర్ మార్గ్‌లో చాలా పత్రికాఫీసులకు కరెంటు తీసేశారు. అది అందరికీ కనిపించిన పని. దానికి మూడేళ్ల ముందే అసలు పట్టు కాగితం మీద ఉంది. దిగుమతి న్యూస్‌ప్రింట్‌కు, అంటే పత్రికలు అచ్చేసే కాగితానికి, కోటా, పది పేజీలు మించకూడదన్న షరతు. సర్క్యులేషన్ తగ్గించుకుని పేజీలు పెంచుకుంటామన్నా ఒప్పుకోలేదు. టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ బెనెట్ కోల్‌మన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆ విధానాన్ని కొట్టేసింది. సర్కారు వాదన ఏమిటంటే, మేం నియంత్రిస్తున్నది వార్తల్ని కాదు, కాగితాన్ని అని!

ఈమధ్య సీల్డ్ కవర్ వచ్చింది. 2022 జనవరిలో మలయాళ చానల్ మీడియావన్ ప్రసారాలు ఆగిపోయాయి. భద్రతా అనుమతి ఇవ్వలేదన్నారు, ఎందుకివ్వలేదో చానల్‌కు చెప్పలేదు. కారణం జడ్జిలకు మాత్రం కవర్లో పెట్టి ఇచ్చారు. 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. సర్కారును విమర్శించినంత మాత్రాన వ్యవస్థకు వ్యతిరేకమనలేరని కూడా చెప్పింది.

మా డెస్క్‌లో వ్యవహారం కోర్టుల దాకా కూడా పోదు. ఒకసారి ఓ శాఖ కాంట్రాక్టులపై మా విలేకరి మంచి స్టోరీ ఇచ్చాడు. పత్రాలున్నాయి, అధికారి వివరణ ఉంది. మూడు కాలమ్‌లలో పెట్టాం. రాత్రి పదకొండింటికి యాడ్స్ విభాగం నుంచి ఫోన్: "ఆ శాఖ టెండర్ ప్రకటన ఎల్లుండి ఉంది, కాస్త చూసుకోండి." ఆపమని ఎవరూ అనలేదు. హెడ్డింగ్‌లో 'అక్రమాలు' కాస్తా 'అవకతవకలు' అయింది, ఇంకో అరగంటకు 'లోపాలు' అయింది. తెల్లారి చూస్తే లోపలి పేజీలో సింగిల్ కాలమ్. ఆ మాటలు మార్చింది నేనే.

అపోహ: ఏది అబద్ధమో ప్రభుత్వమే తేలిస్తే పీడా పోతుంది.

2023 ఏప్రిల్‌లో ఐటీ నిబంధనలు సవరించి సరిగ్గా ఇదే చేయబోయారు. కేంద్ర ప్రభుత్వ వ్యవహారాలపై వచ్చిన సమాచారంలో ఏది బూటకమో ప్రభుత్వ ఫ్యాక్ట్ చెక్ యూనిట్ తేలుస్తుంది. దాన్ని తీసేయకపోతే, వాడేవాళ్లు పెట్టినదానికి తమను బాధ్యుల్ని చేయకుండా సామాజిక మాధ్యమాలకున్న చట్టరక్షణ పోయే ప్రమాదం. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టు. 2024 సెప్టెంబర్‌లో బాంబే హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది.

అపోహ: స్వీయ నియంత్రణ ఉందిగా, చాలు.

ఇది మావాళ్ల అపోహ. తప్పు మొదటి పేజీలో పోతుంది, సవరణ ఎక్కడో లోపల నాలుగు లైన్లలో వస్తుంది. ఓసారి వేరే మనిషి ఫొటో నిందితుడి పేరుతో అచ్చయింది. ఆయన ఆఫీసుకొచ్చి అడిగింది ఒక్కటే: "నా ఫొటో ఎంత సైజులో వేశారో అంత సైజులో తప్పని వేయండి." వేయలేదు. మీడియాకు ముక్కుతాడు వేయాలని ఆయన ఇప్పుడు అంటే, నా దగ్గరున్న తీర్పులేవీ ఆయనకు జవాబు కావు.