ఒక ఫంక్షన్, మూడు పేర్లు: పైథాన్ సి ఏపీఐలో పేరు మార్పుల నేపథ్యం

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషకు సి భాషలో ఎక్స్‌టెన్షన్ మాడ్యూళ్లు (అదనపు భాగాలు) రాయడానికి వాడే ఫంక్షన్ల సముదాయమే సి ఏపీఐ. అలా రాసినవారికి స్ట్రింగ్ ఆబ్జెక్టును తయారుచేసే ఫంక్షన్ ఒకటి బాగా పరిచయం. పైథాన్ తొలి సంవత్సరాల్లో దాని పేరు న్యూస్ట్రింగ్‌ఆబ్జెక్ట్. 1990లు ముగిసేలోపే అది పైస్ట్రింగ్_ఫ్రమ్‌స్ట్రింగ్ అయింది. 2008లో పైథాన్ 3.0 వచ్చేసరికి పైబైట్స్_ఫ్రమ్‌స్ట్రింగ్‌గా మారింది. అది చేసే పని మాత్రం ఒక్కటే: ఇచ్చిన బైట్లను కాపీ చేసి పైథాన్ ఆబ్జెక్టుగా తిరిగి ఇవ్వడం. పని మారకుండా పేరు రెండుసార్లు మారడానికి కారణాలు వేర్వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లనే పేరు మార్పులపై వాదన తరచూ దారి తప్పుతోంది.

మొదటి మార్పుకు కారణం సి భాష స్వభావంలోనే ఉంది. ఒక ప్రోగ్రాములో చేరే లైబ్రరీలన్నీ బయటికి ఇచ్చే పేర్లు సి భాషలో ఒకే చోట కలుస్తాయి. తొలినాటి పైథాన్ సోర్సులో ఆబ్జెక్ట్, గెట్‌ఆర్గ్స్ వంటి మామూలు పేర్లు ఉండేవి. పైథాన్‌ను ఇతర పెద్ద ప్రోగ్రాముల్లో ఇముడ్చుకోవడం మొదలయ్యాక అలాంటి పేర్లు వేరే లైబ్రరీల పేర్లతో ఢీకొనే ప్రమాదం ఏర్పడింది. అందుకే అన్నిటికీ ముందు 'పై' అనే గుర్తు తగిలించి, పాత పేర్లను కొత్తవాటికి ముడిపెట్టే మాక్రోలను (కంపైల్ చేసేటప్పుడు ఒక పేరు స్థానంలో మరో పేరు పెట్టే సూచనలను) ఒక హెడర్ ఫైలులో ఉంచారు. అర్థంలో మార్పేమీ లేదు కనుక మాక్రోలతో పని గడిచిపోయింది.

రెండో మార్పు అంత తేలిక కాదు. పైథాన్ 2లో స్ట్రింగ్ అంటే బైట్ల వరుస. 'తెలుగు' అనే మాటను యూటీఎఫ్-8లో (యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిలో) అలాంటి స్ట్రింగులో పెట్టి పొడవు అడిగితే 18 అని వస్తుంది, ఎందుకంటే అందులోని 6 యూనికోడ్ సంకేతాల్లో ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. పైథాన్ 3లో స్ట్రింగ్ అంటే యూనికోడ్ పాఠం, కాబట్టి అదే ప్రశ్నకు జవాబు 6. ఇంగ్లిషు అక్షరాలతో మాత్రమే పనిచేసేవారికి ఈ తేడా చాలాకాలం కనిపించలేదు గానీ, మన లిపితో పనిచేసిన వారికి అది మొదటి రోజునే ఎదురైంది.

భాష స్థాయిలో అర్థం ఇలా మారినప్పుడు కింది స్థాయిలో పైస్ట్రింగ్ అనే పేరు ఎవరికి చెందాలి? బైట్లకే ఉంచితే కొత్తగా నేర్చుకునేవారు పొరబడతారు. యూనికోడ్ పాఠానికి ఇస్తే పాత కోడ్ సాఫీగా కంపైల్ అయి, నడిచేటప్పుడు తప్పుడు ఫలితాలు ఇస్తుంది. చివరికి ఆ పేరును ఎవరికీ ఇవ్వకుండా తొలగించారు. బైట్లకు పైబైట్స్ వచ్చింది, పాఠానికి పైథాన్ 2 నాటి పైయూనికోడ్ అనే పేరు అలాగే మిగిలింది. పాత కోడ్ తెలియని పేరు దగ్గర ఆగిపోవడమే, మౌనంగా తప్పు చేయడం కంటే మేలు. నా దృష్టిలో ఆ నిర్ణయాలన్నిటిలో ఇదే సరైనది.

అక్కడికి చేరిన దారి మాత్రం తిన్నగా లేదు. 3.0 తయారీ దశలో పైబైట్స్ అనే పేరు మార్చదగిన బైట్ల రకానికి ఉండేది. 2008 మేలో దాన్ని పైబైట్‌అరే చేసి, ఖాళీ అయిన పేరును పాత పైస్ట్రింగ్‌కు ఇచ్చారు. సమాంతరంగా తయారవుతున్న 2.6లో కూడా అసలు పేర్లను అలాగే మార్చి, పాత పేర్లను మాక్రోలుగా మిగిల్చారు. దీనిపై అభ్యంతరం వచ్చింది. మాక్రో సోర్సులో కనిపించే పేరునే కాపాడుతుంది, బైనరీలోని (కంపైల్ అయిన ఫైలులోని) సింబల్‌ను, అంటే అక్కడ నమోదైన పేరును, కాపాడలేదు. తాను పైస్ట్రింగ్ అని రాసిన చోట డీబగ్గర్ (తప్పులు వెతికే సాధనం) పైబైట్స్ అని చూపిస్తే 2.x వాడుకరికి అయోమయమే. ఆ వాదన నెగ్గింది. 2008 అక్టోబరులో విడుదలైన 2.6లో అసలు పేరు పైస్ట్రింగ్‌గానే ఉంది. ముందుచూపుతో రాసేవారి కోసం పైబైట్స్ మాక్రోలు చేరాయి.

పూర్ణాంకాల విషయంలో పేరు మార్పు ఇంకో చిక్కు తెచ్చింది. పైథాన్ 2లో పూర్ణాంకాలకు ఉన్న రెండు రకాల్లో పైఇంట్ పోయి పైలాంగ్ ఒక్కటే మిగిలింది. చాలామంది రెండు మాక్రోలు రాసి పని అయిందనుకున్నారు. అయితే పైఇంట్‌లో ఉండేది సి భాషలోని లాంగ్ అనే పరిమిత పూర్ణాంక రకంలో పట్టే సంఖ్యే, పైలాంగ్‌కు ఆ హద్దు లేదు. అందువల్ల సంఖ్య పట్టనప్పుడు వచ్చే ఓవర్‌ఫ్లో ఎర్రర్‌ను ప్రతిచోటా పరీక్షించాల్సి వచ్చింది. పేరు మార్చి పరీక్షను మరచిన కోడ్‌లో లోపం పైకి కనిపించదు.

తరువాతి కాలంలో ముందే హెచ్చరించే పద్ధతి బలపడింది. 2019లో వచ్చిన 3.8లో వెక్టర్‌కాల్ అనే ఫంక్షన్‌ను (ఆబ్జెక్టులను వేగంగా పిలిచేందుకు), ఇంకా ఖాయం కాలేదన్న గుర్తుగా, పేరు ముందు అండర్‌స్కోర్ పెట్టి ఇచ్చారు. మరుసటి ఏడాది 3.9లో అండర్‌స్కోర్ తీసేసి, పాత పేరునూ కొనసాగించారు. కానీ అండర్‌స్కోర్ ఉన్న పేరును ఎవరూ వాడరన్నది ఆశ మాత్రమే. 3.13 తయారీలో అలాంటి ప్రైవేటు పేర్లను పెద్ద సంఖ్యలో తొలగించినప్పుడు, వాటిపై ఆధారపడ్డ ప్రాజెక్టులు ఆగిపోవడంతో, 2024 అక్టోబరు విడుదలకు ముందే కొన్నిటిని తిరిగి చేర్చవలసి వచ్చింది.