ఆరడమే అసలు లెక్క

రాత్రి రెండింటికి పక్క తడిసిపోయింది. కొత్త క్లాత్ డైపర్, ఒక్కసారి ఉతికి తొడిగిందే. పాప ఉచ్చ పోసింది కూడా ఒక్కసారే. నిద్రమత్తులో విప్పి చూస్తే లోపల పెట్టిన పీల్చే గుడ్డ (ఇన్సర్ట్) సగానికి పైగా పొడిగానే ఉంది! నీళ్లు గుడ్డలోకి ఇంకలేదు, దాని మీదుగా జారి తొడ దగ్గరి ఎలాస్టిక్ సందులోంచి బయటికొచ్చాయి. పొద్దున అనుమానం తీరక, అదే జతలోని ఇంకో ఇన్సర్ట్ మీద చెంచాతో ఒక చుక్క నీరు వేశాను. తామరాకు మీద బొట్టులా నిలబడింది. వేలితో తోస్తే దొర్లింది కూడా.

ఇందులో తయారీ లోపమేమీ లేదు. పత్తి పీచుకు పుట్టుకతోనే పైన పల్చటి మైనపు పూత ఉంటుంది. బ్లీచింగ్ చెయ్యని పత్తిలో ఇది ఇంకా ఎక్కువగా మిగిలి ఉంటుంది. వేడినీళ్లూ డిటర్జెంటూ కలిసి దాన్ని కొంచెం కొంచెంగా వదిలిస్తాయి. నాలుగైదు ఉతుకులయ్యాక అదే గుడ్డ మీద చుక్క వేస్తే, పడీపడగానే మాయం. క్లాత్ డైపర్లు కొని వారంలో విసిగిపోయి మూలన పడేసేవాళ్లు చాలామంది ఈ మైనం దగ్గరే ఆగిపోతారని నా అనుమానం.

మైనం కింద ఉన్నది సెల్యులోజ్. గ్లూకోజ్ అణువులు వేల సంఖ్యలో గొలుసుకట్టుగా కలిసిన పదార్థం. ఆ గొలుసు పొడవునా ఉండే హైడ్రాక్సిల్ సమూహాలకు నీరంటే ఇష్టం. అందుకే పత్తి తడిస్తే ఉబ్బుతుంది. చిత్రమేమిటంటే, తడిసినప్పుడే ఇంకా బలపడుతుంది. మైక్రోఫైబర్ సంగతి వేరు. అది చాలావరకు పాలిస్టర్, అంటే ప్లాస్టిక్కే. పోగులోపలికి నీరు దాదాపుగా వెళ్లదు, వెంట్రుక కంటే ఎంతో సన్నని పోగుల మధ్య సందుల్లో చిక్కుకుంటుంది. అందుకే గబుక్కున పీలుస్తుంది, గబుక్కున వదిలేస్తుంది. తడిసిన మైక్రోఫైబర్ ఇన్సర్ట్‌ను అరచేతిలో పెట్టి నొక్కి చూడండి, స్పాంజిలా కారుతుంది. పాప బోర్లా పడుకున్నా, కారు సీట్లో బెల్టు బిగించినా జరిగేది అదే. హెంప్ (గంజాయి జాతి మొక్క నార) గుడ్డది దీనికి ఎదురు గుణం. తాపీగా తాగుతుంది, పట్టుకున్నదాన్ని అంత తేలిగ్గా వదలదు. కాబట్టి రాత్రికి రెండూ కలిపి వాడటం తెలివైన పని: పైన మైక్రోఫైబర్, దాని కింద హెంప్. ఒకటి దొరకబుచ్చుకుంటుంది, ఇంకోటి దాచుకుంటుంది. మైక్రోఫైబర్ మాత్రం నేరుగా ఒంటికి తగలకూడదు, చర్మం మీది తేమను కూడా లాగేస్తుంది. మధ్యలో ఇంకో పొర ఉండాలి.

వెదురు డైపర్ పేరుతో అమ్మేది చాలావరకు రేయాన్. వెదురు గుజ్జును రసాయనాల్లో కరిగించి మళ్లీ దారం తీస్తారు. మెత్తగా ఉంటుంది, బాగా పీలుస్తుంది, అందులో సందేహం లేదు. కానీ వెదురు సహజంగానే క్రిములను చంపుతుందని అట్ట మీద రాసి ఉంటే నమ్మక్కర్లేదు. రేయాన్ బట్టల గురించి ఇలాంటి ప్రచారం చేసిన కొన్ని కంపెనీల మీద 2009లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్యలు తీసుకుంది.

వాడిపారేసే డైపర్‌తో పోలిక వస్తుంది కాబట్టి ఒక మాట. దాని గుండెకాయ సోడియం పాలిఅక్రిలేట్ అనే పొడి. శుద్ధమైన నీటినైతే తన బరువుకు కొన్ని వందల రెట్లు పీలుస్తుంది. మూత్రంలో లవణాలుంటాయి కాబట్టి అక్కడ దాని సత్తా ముప్పై రెట్ల దగ్గరికి పడిపోతుంది. అయినా జెల్‌గా మారిపోయి, నొక్కినా వదలదు. ఈ ఒక్క విషయంలో గుడ్డ దాంతో పోటీపడలేదు. ఏడాది పిల్లల మూత్రాశయంలో సుమారు 60 నుంచి 70 మిల్లీలీటర్లు పడుతుంది. మంచి ఇన్సర్ట్ అలాంటివి రెండు మూడు సార్లు తట్టుకుంటుంది. మీ ఇన్సర్ట్ ఎంత తట్టుకుంటుందో తెలుసుకోవడానికి వంటింటి తూకం చాలు: పొడిగా ఒకసారి, తడిపి నీరు కారడం ఆగాక ఒకసారి తూచండి. పెరిగిన ప్రతి గ్రాముకూ ఒక మిల్లీలీటరు.

ఇక కొనడం. అందరూ అడిగే ప్రశ్న "ఏది ఎక్కువ పీలుస్తుంది?" తీరిక లేని ఇంట్లో అడగాల్సింది మాత్రం "ఏది త్వరగా ఆరుతుంది?" అని. పొద్దున్నే పరుగు పెట్టేవాళ్లకు ఆల్ ఇన్ వన్ డైపర్ చూడగానే ప్రాణం లేచివస్తుంది. పొరలన్నీ కలిపి కుట్టేసి ఉంటాయి, తొడిగితే చాలు. కానీ గుడ్డ ఆరేది పైనుంచి. లోపలి పొరల్లోని నీరు పైకి వచ్చాకే ఆవిరవుతుంది. పొరలు రెట్టింపైతే ఆరడానికి కనీసం రెట్టింపు సమయం పడుతుంది, పైగా ఒకవైపు గాలి చొరని వాటర్‌ప్రూఫ్ పొర అడ్డం. ముసురు పట్టిన రోజున ఆల్ ఇన్ వన్ డైపర్ దండెం మీదే సంసారం పెడుతుంది. ఒంటిపొర ఫ్లాట్ గుడ్డ అలా కాదు. మడిస్తే ఎనిమిది పొరలు, విప్పి ఆరేస్తే ఒక్కటే. మడవడం నేర్చుకోవాలి, అంతే. ఆ ఓపిక లేకపోతే పాకెట్ డైపర్ మధ్యేమార్గం. ఇన్సర్ట్ విడిగా ఊడివస్తుంది, బయటి వాటర్‌ప్రూఫ్ కవర్ తొందరగా ఆరుతుంది, ఇన్సర్ట్ ఒక్కటే కాస్త ఆలస్యం. నా ఓటు దీనికే. నెలల పిల్లలకు రోజుకు పదీ పన్నెండు మార్చాల్సి వస్తుంది, రోజు విడిచి రోజు ఉతికితే ఇరవై నాలుగైనా ఉండాలి. అయితే ఒకేసారి అన్నీ కొనకండి. రెండు మూడు రకాలు ఒక్కోటి తెచ్చి, తొడల దగ్గర ఏది సరిగ్గా అమరుతుందో చూసుకోండి. లీకుల్లో సగం గుడ్డ తప్పు కాదు, సందు తప్పు.

ఒరుపు (డైపర్ ర్యాష్) గురించి పాత అభిప్రాయం ఒకటి ఉంది: అమోనియా వల్ల చర్మం కాలుతుందని. 1921లో ఒక వైద్యుడు అమోనియా పుట్టించే బాక్టీరియాను చూపించి కారణం ఇదేనన్నారు. 1977లో ఒరుపు ఉన్న పిల్లలనూ లేని పిల్లలనూ పోల్చి చూస్తే, ఆ బాక్టీరియాలోగానీ అమోనియాలోగానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అమోనియా చేసే చెరుపు దొడ్డిదారిన జరుగుతుంది. అప్పుడే పోసిన ఉచ్చకు ఆ ఘాటు ఉండదు. బాక్టీరియా తయారుచేసే యూరియేజ్ అనే ఎంజైము మూత్రంలోని యూరియాను విరగ్గొట్టాక అమోనియా పుడుతుంది, చర్మం మీది సహజమైన ఆమ్లగుణాన్ని తగ్గిస్తుంది. మలంలో ప్రోటీన్లనూ కొవ్వులనూ జీర్ణం చేసే ఎంజైములు మిగిలి ఉంటాయి. క్షారగుణం పెరగ్గానే అవి చురుగ్గా పనిచేస్తాయి, తడికి నానిన చర్మం వాటికి సులువుగా దొరుకుతుంది. అందుకే మోషన్ అయితే వెంటనే మార్చాలి. ఉచ్చ ఒక్కటే అయితే రెండు గంటలకోసారి చాలు. ఎరుపు తొడల మడతల్లోకి కూడా పాకి, చుట్టూ చిన్నచిన్న ఎర్ర చుక్కలు కనిపిస్తే అది కాండిడా అనే ఫంగస్ కావచ్చు, డాక్టరుకు చూపించండి.

ఉతకడంలో భయాలు ఎక్కువ, తప్పులు ఇంకా ఎక్కువ. పసిపిల్లల బట్టలు కదా అని చెంచాడు డిటర్జెంటుతో సరిపెట్టేస్తారు. మురికి పోదు, అడుగున మిగులుతుంది. ఉతికిన గుడ్డకు ఏ వాసనా ఉండదు, పాప ఒక్కసారి తడపగానే గుప్పుమంటుంది. అది డైపర్ పాతబడిపోవడం కాదు, ఉతుకు చాలకపోవడం. ముందు చన్నీళ్లతో జాడించాలి, వేడినీళ్లు ముందే పోస్తే ప్రోటీన్ మరకలు గట్టిపడి అంటుకుపోతాయి. తర్వాత సరిపడా డిటర్జెంటుతో వేడినీళ్ల ఉతుకు. కవర్ల మీది లేబుల్ ఎంత వేడి అంటే అంతే, వాటర్‌ప్రూఫ్ పొరకు వేడి శత్రువు. ఉప్పునీళ్లయితే సబ్బు జోలికి వెళ్లకండి. నీటిలోని కాల్షియం, మెగ్నీషియంతో సబ్బు కలిసి తెల్లటి తెట్టులా గుడ్డకు పట్టేస్తుంది.

ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే అది మేలు చేస్తున్నట్టే కనిపిస్తుంది. దాని అణువుకు ఒక చివర ధనావేశం ఉంటుంది, అది గుడ్డను పట్టుకుంటుంది. రెండో చివర కొవ్వు తోక. ఆ తోకలన్నీ బయటికి తిరిగి నిలబడితే తాకడానికి పట్టులా ఉంటుంది, నీటికి మాత్రం తలుపు మూసుకుంటుంది. అంటే అన్ని ఉతుకులు ఉతికి వదిలించిన మైనాన్ని మళ్లీ మన చేత్తో మనమే పూశామన్నమాట. ఒరుపుకు రాసే చిక్కటి క్రీములు చేసేదీ ఇదే, అవి రాసిన రోజు మధ్యలో పల్చటి లైనర్ వెయ్యండి. ఇంకొకటి. మురికి డైపర్లను బకెట్ నీళ్లలో నానబెట్టి ఉంచొద్దు. పాకే పిల్లలున్న ఇంట్లో బకెట్ నీళ్లు ప్రాణాంతకం. గాలి ఆడే బుట్ట చాలు.

పర్యావరణానికి ఏది మేలు అన్న వాదన కూడా చివరికి దండెం దగ్గరికే వస్తుంది. బ్రిటన్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ 2008లో లెక్క తీస్తే, ఒక బిడ్డకు రెండున్నరేళ్లకు వాడిపారేసే డైపర్ల వల్ల సుమారు 550 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలు, గుడ్డవాటి వల్ల 570 కిలోలు. గుడ్డే ఎక్కువ! మెషీన్ నిండా వేసి ఉతికి, బయట దండెం మీద ఆరేసి, రెండో బిడ్డకూ అవే వాడితే మాత్రం దాదాపు 200 కిలోలు తగ్గుతాయని అదే నివేదిక చెప్పింది.

దండెం మీద ఇంకో పని కూడా జరుగుతుంది. తల్లిపాలు తాగే పిల్లల మోషన్ పసుపు మరక ఎంత ఉతికినా పూర్తిగా పోదు. ఆ రంగు చాలావరకు కామెర్లలో ఒంటిని పచ్చబరిచే పదార్థమైన బిలిరుబిన్‌ది. పెద్దవాళ్ల పేగుల్లోని బాక్టీరియా దాన్ని గోధుమరంగు పదార్థాలుగా మార్చేస్తుంది, పసివాళ్లలో ఆ బాక్టీరియా ఇంకా సరిగ్గా కుదురుకోదు. బిలిరుబిన్‌కు వెలుతురు పడదు. ఇంగ్లండ్‌లోని రాచ్‌ఫర్డ్ ఆస్పత్రిలో 1956లో సిస్టర్ వార్డ్ అనే నర్సు నెలలు నిండని పిల్లలను కాసేపు ఎండలోకి తీసుకెళ్లేది. ఒకరోజు ఒక బిడ్డను డాక్టర్లకు చూపించింది. ఒళ్లంతా పసుపు తగ్గింది, ఒక్కచోట మాత్రం ముక్కోణంలో పచ్చగా ఉండిపోయింది. దుప్పటి కొన కప్పి ఉన్న చోటు అది. కామెర్లకు నీలికాంతి చికిత్స అక్కడినుంచే మొదలైంది. (ఎండలో పెట్టాల్సింది గుడ్డను. కామెర్ల బిడ్డకు వెలుతురు ఎంతో తేల్చేది డాక్టర్లు.)

మొన్న తడి గుడ్డ ఒకటి హడావిడిగా ఆరేసి పనిలో పడ్డాను. సాయంత్రం తీసి చూస్తే మరక మొత్తం పోయింది, దండెం మీద ఒక మూల మడతపడిన చోట తప్ప. అక్కడ ముక్కోణంలో పసుపు అలాగే ఉంది.