కార్చిచ్చు ఆరాక కాన్యన్‌లో బతుకు: అపోహలు - వాస్తవాలు

"నిప్పు ఆరిపోయింది కదా నాన్నా, ఇంకా దేనికి భయం?" ప్రతి జులైలోనూ అమ్మ ఖమ్మం నుంచి ఫోన్ చేసి ఇదే అడుగుతుంది. అమ్మే కాదు, వారాంతాల్లో డెన్వర్ నుంచి, ఫోర్ట్ కాలిన్స్ నుంచి వచ్చే మన తెలుగువాళ్లు, ఈ లోయలో ఒక క్యాబిన్ కొనుక్కుందామా అని ఆరా తీసేవాళ్లు, అందరిదీ ఇదే ప్రశ్న. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

కాలిన కొండల్లో తిరగడమే నా ఉద్యోగం. నేల ఎంత దెబ్బతింది, వాన పడితే నీళ్లు ఎటు పోతాయి, ఎక్కడ ఏం అడ్డం వేయాలి అని చూస్తాం. ఉండేదీ అక్కడే. కొలరాడోలో పూడర్ నది లోయలో, హైవే 14 పక్కన, రెండు గదుల చెక్క క్యాబిన్. 2020 ఆగస్టు 13న మొదలైన కామెరాన్ పీక్ ఫైర్ డిసెంబరు 2 దాకా పూర్తిగా అదుపులోకి రాలేదు. మొత్తం 2,08,913 ఎకరాలు. కొలరాడోలో ఇప్పటిదాకా నమోదైన కార్చిచ్చుల్లో ఇదే పెద్దది. అంతకుముందు 2012 జూన్‌లో పిడుగు పడి అంటుకున్న హై పార్క్ ఫైర్ 87,284 ఎకరాలు కాల్చి 259 ఇళ్లను బూడిద చేసింది. అంటే ఈ చుట్టుపక్కల వాళ్లకి మంట కొత్త కాదు. మంట తర్వాత వచ్చేదాని గురించే చాలామందికి సరిగ్గా తెలియదు.

అపోహ: నిప్పు ఆరింది, గండం గడిచింది.

నా పోస్టు మొత్తంలో ఇదొక్కటి చదివినా చాలు. కాలిన కొండకి అసలు ప్రమాదం వానతో మొదలవుతుంది.

2021 వసంతంలో మంచు కరగ్గానే క్యాబిన్ వెనక వాలు ఎక్కాను. బూడిద పొరని కత్తితో పక్కకి గీకి, కింద మట్టి మీద సీసాలోంచి ఒక్క చుక్క నీళ్లు వేశాను. మామూలు మట్టి అయితే వెంటనే పీల్చేసుకుంటుంది. ఐదు సెకన్లు దాటినా ఇంకలేదంటే ఆ నేల నీటిని తోసేస్తోందని మా లెక్క. ఇక్కడ చుక్క తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా, మెరుస్తూ నిలబడిపోయింది. ఒక నల్లచీమ వచ్చి దాని చుట్టూ తిరిగి వెళ్లింది. నిమిషం దాటాక లెక్కపెట్టడం ఆపేశాను.

ఎందుకిలా అవుతుందంటే, పైన్ ఆకుల్లో, బెరడులో, నేల మీద పేరుకున్న చెత్తలో మైనం లాంటి పదార్థాలుంటాయి. తీవ్రమైన వేడికి అవి ఆవిరై, కొంత పైకి పోయి, కొంత మట్టిలోకి దిగి, కాస్త చల్లగా ఉన్న లోతులో ఇసుక రేణువులకి పూతలా అంటుకుంటాయి. పైన చూస్తే మట్టే, లోపల మైనపు గుడ్డ పరిచినట్టు. దానికి తోడు వాన దెబ్బని ఆపే ఆకులూ గడ్డీ లేవు, నీటిని నెమ్మది చేసే చెత్త లేదు, మట్టిని పట్టుకునే సన్నని వేళ్లు కాలిపోయాయి. అలాంటి వాలు మీద గంటలోపు అర అంగుళం వాన పడితే చాలు, వాగు పొంగడానికి. మామూలు అడవిలో ఆ వానకి మీ బూట్లు కూడా సరిగ్గా తడవవు.

ఆ వచ్చేది ఒట్టి నీళ్లు కూడా కాదు. బూడిద, బురద, కాలిన దుంగలు, ట్రంకు పెట్టెలంత బండరాళ్లు అన్నీ కలిసి, తడిపిన సిమెంటులా దొర్లుకుంటూ వస్తాయి. 2021 జులై 20 సాయంత్రం మా లోయలో బ్లాక్ హాలో వాగుకి అదే వచ్చింది. మంట పూర్తిగా అదుపులోకి వచ్చి ఏడు నెలలు దాటాక. ఇళ్లకి ఇళ్లే కొట్టుకుపోయాయి, నలుగురు చనిపోయారు. కార్చిచ్చు సమయంలో ఖాళీ చేయించిన లోయ ఇది, మంటల నుంచి జనం బయటపడ్డారు. వాన ఆ టైమ్ ఇవ్వలేదు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని మనవాళ్లు ఊరికే అనలేదు. మర్నాడు నది నల్లటి బురదలా పారడం చూశాను, ఆ వాసన, తడిసిన బొగ్గూ ఊబిమట్టీ కలిసిన వాసన, ఇప్పటికీ గట్టి వాన పడితే వస్తుంది, నాకు కడుపులో తిప్పుతుంది.

ఈ భయం ఎన్నాళ్లంటే, మొదటి రెండేళ్లు మరీ ఎక్కువ, ఆ తర్వాత మెల్లగా తగ్గుతుంది. ఐదేళ్ల దాకా జాగ్రత్తగా ఉండమంటాం. బాగా కాలిన చోట ఇంకా ఎక్కువ కాలం.

అపోహ: మా మీద వాన లేదు కదా, ఆకాశం నీలంగా ఉంది.

మీ తల మీద కురిసేదాంతో పని లేదు, మీ వాగు పుట్టే కొండ మీద ఏం కురుస్తోందన్నదే లెక్క. జులై, ఆగస్టుల్లో ఇక్కడ మధ్యాహ్నం రెండు దాటాక మబ్బులు కట్టి, చిన్న జాగాలో కుండపోతగా కురిసి పోతాయి. నది పక్కన మీరు ఎండలో కాఫీ తాగుతుంటారు, పైన నాలుగు మైళ్ల అవతల కొండ జారుతుంటుంది.

ఫోన్‌కి అలర్ట్ వస్తుంది కదా అనకండి. ఈ లోయలో చాలా చోట్ల సిగ్నలే ఉండదు. నా క్యాబిన్‌లో బ్యాటరీతో నడిచే వాతావరణ రేడియో ఉంది, వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే దానంతటదే మోగుతుంది. వందలోపు డాలర్లకే దొరుకుతుంది. క్యాబిన్ కొనేవాళ్లు సోఫా కంటే ముందు అది కొనండి.

ఇంకొకటి. వరద వస్తోందని తెలిస్తే కారెక్కి లోయ కిందికి పరుగెత్తాలని అందరికీ అనిపిస్తుంది. రోడ్డు నది పక్కనే, ప్రతి వాగూ ఆ రోడ్డునే దాటుతుంది. అంటే మీరు ప్రమాదాన్ని వరసగా దాటుకుంటూ వెళ్తున్నారన్నమాట. హెచ్చరికకి టైమ్ ఉంటే ముందే వెళ్లిపోండి. లేకపోతే నడిచి పైకెక్కండి, వాగు నోటికి దూరంగా, గట్టి నేల మీదికి. మా పక్క క్యాబిన్ పెద్దాయన తన వెనక వాలు మీద ఒక చెట్టుకి ఎర్ర రిబ్బన్ కట్టుకున్నారు. చీకట్లో టార్చి వేస్తే కనబడాలని. నేనూ కట్టాను.

అపోహ: మంచు పడితే మంట ఆరిపోతుంది.

2020 సెప్టెంబరు మొదటి వారంలో కామెరాన్ పీక్ ఒక్కసారిగా విజృంభించింది, వెంటనే సెప్టెంబరు 8, 9 తేదీల్లో దాని మీద మంచు పడింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. మంట మంచు కింద దుంగల్లో, వేళ్లలో నిద్రపోయింది, అంతే. అక్టోబరులో గాలులు లేచాక మళ్లీ పరుగెత్తింది.

అపోహ: మంటల గోడ వచ్చి ఇంటిని మింగేస్తుంది, మన చేతిలో ఏమీ లేదు.

కాలిన వీధి చూస్తే ఒక ఇల్లు నేలమట్టమై, పక్క ఇల్లు రంగు కూడా పోకుండా ఉంటుంది. దేవుడి దయ అంటారు. ఆ మాట కాదనను గానీ, ఇంకో కారణం కూడా ఉంది. ఎక్కువ ఇళ్లు అంటుకునేది గాలికి ఎగిరొచ్చే నిప్పురవ్వలతో. మైలు దూరం నుంచి కూడా వస్తాయవి. వచ్చి చూరు గొట్టంలో ఎండిన పైన్ ఆకుల్లో పడతాయి, అటక గాలి కంతల్లోంచి దూరతాయి, వాకిట్లో పరిచిన పీచు పట్టా మీద కూర్చుంటాయి. అమెరికా అటవీ శాఖలో జీవితమంతా ఇదే పరిశోధించిన జాక్ కోహెన్ చెప్పింది కూడా ఇదే: ఇల్లు నిలుస్తుందా లేదా అన్నది ఇల్లూ, దాని చుట్టూ వంద రెండు వందల అడుగుల్లో ఉన్నవే ఎక్కువగా తేలుస్తాయి.

అందులోనూ గోడ నుంచి మొదటి ఐదు అడుగులు ప్రాణం. అక్కడ కంకర తప్ప ఇంకేమీ వద్దు. కట్టెల పేర్పు చలికాలంలో చేతికందేలా గుమ్మం పక్కనే పెట్టుకోవాలనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది, పెట్టకండి. గాలి కంతలకి ఎనిమిదో వంతు అంగుళం కన్నాల లోహపు జాలీ వేయండి. ప్లాస్టిక్ జాలీ కరిగిపోతుంది.

అపోహ: బోరు నీళ్లు మరిగించి తాగితే సరిపోతుంది.

మరిగిస్తే క్రిములు చస్తాయి, రసాయనాలు పోవు. 2018లో క్యాంప్ ఫైర్ అనే కార్చిచ్చు తర్వాత కాలిఫోర్నియాలోని ప్యారడైజ్ ఊళ్లో నల్లా నీళ్లలో బెంజీన్ అనే విష రసాయనం దొరికింది. ప్లాస్టిక్ పైపులు వేడికి పాడవడం, ఒత్తిడి పడిపోయిన పైపుల్లోకి పొగ, మసి లాగేసుకోవడం కారణాలుగా చెప్పారు. అలాంటి నీళ్లు మరిగిస్తే బెంజీన్ ఆవిరై వంటగదిలో మీరు పీల్చే గాలిలో కలుస్తుంది, ఇంకా నష్టం. క్యాబిన్‌లో బోరు మూత కాలిందా, మోటారు నుంచి ఇంటికొచ్చే పైపు ఏ రకం, పక్కన షెడ్డు ఏదైనా కాలిందా చూసుకుని, ల్యాబ్‌కి నీళ్లు పంపించి, ఫలితం వచ్చేదాకా కొన్న నీళ్లే తాగండి. అడిగేటప్పుడు బ్యాక్టీరియా పరీక్ష ఒక్కటే కాదు, బెంజీన్ లాంటి వాటికి కూడా చేయమని విడిగా చెప్పండి. చెప్పకపోతే చేయరు.

అపోహ: బూడిదే కదా.

మనం బూడిదతో గిన్నెలు తోముకున్నవాళ్లం, మొక్కలకి చల్లినవాళ్లం, అందుకే భయం ఉండదు. పొయ్యిలో కట్టె బూడిద వేరు, కాలిన ఇంటి బూడిద వేరు. అందులో పాత రంగుల్లో సీసం, పాత పలకల్లో ఆస్బెస్టాస్, బ్యాటరీలు, పురుగుమందు డబ్బాలు అన్నీ ఉంటాయి. చీపురుతో పొడిగా ఊడ్చొద్దు, ఆకులు ఊదే మెషిన్ అసలు వద్దు. కొద్దిగా తడిపి, ఎన్95 మాస్కు, గ్లౌజులు వేసుకుని తీయండి. తడి బూడిద చర్మాన్ని మండిస్తుంది, పిల్లల్ని అందులో ఉంగరాలో బొమ్మలో వెతకడానికి దించకండి. వెతకాలని మనసు లాగుతుంది. పెద్దవాళ్లే దిగండి.

అపోహ: ఇన్సూరెన్స్ ఉంది కదా.

మామూలు ఇంటి పాలసీ నిప్పుకి ఇస్తుంది, వరదకి ఇవ్వదు. ఫెడరల్ వరద బీమా విడిగా తీసుకోవాలి, సాధారణంగా కొన్న 30 రోజులకి గానీ అమల్లోకి రాదు. కాలిన ప్రాంతాలకి కొన్ని మినహాయింపులున్నాయి, అడిగి తెలుసుకోండి. మబ్బు చూశాక కొనే వస్తువు కాదది. ఆ పాలసీలో కూడా పారే బురదకి ఒక లెక్క, జారిపడే కొండచరియకి ఇంకో లెక్క. సంతకం పెట్టే ముందు ఆ పేరా చదవండి.

అపోహ: అడవి చచ్చిపోయింది, వచ్చి మొక్కలు నాటేద్దాం.

మంచి మనసుతో అడుగుతారు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. పై కొండల్లో లాడ్జ్‌పోల్ పైన్ ఉంటుంది, దాని కాయలు చాలావరకు జిగురుతో మూసుకుని ఉండి, మంట వేడికే విచ్చుకుని విత్తనాలు రాలుస్తాయి. ఆస్పెన్ అయితే మాను కాలినా నేలలో వేరు బతికి పిలకలేస్తుంది. మా వెనక వాలులో రెండో వేసవికే మోకాలెత్తు పిలకలు వచ్చాయి, ఎల్క్ జింకలు సగం మేసేశాయి, మిగతా సగం నిలబడ్డాయి. అక్కడ మన చేయి అక్కర్లేదు.

పాండెరోసా పైన్ సంగతి వేరు. దాని మందపాటి బెరడు చిన్న మంటని తట్టుకుంటుంది, విత్తనం మాత్రం గాలికి ఎంతో దూరం పోదు. చుట్టూ అర మైలు దాకా తల్లిచెట్టు ఒక్కటీ మిగలకపోతే ఆ వాలు గడ్డిగానో పొదలుగానో ఉండిపోవచ్చు. మొక్కలు నాటాల్సింది అక్కడ. అది కూడా మొదటి ఏడాది కాదు. ముందు నేల నిలవాలి, అందుకే మేం హెలికాప్టర్లతో వాలు మీద చెక్క తురుము చల్లిస్తాం. అది వాన దెబ్బని తీసుకుంటుంది, నీటిని ఆపి ఆపి వదులుతుంది. చూడ్డానికి పెద్ద పనిలా అనిపించదు గానీ, తురుము పడిన వాలుకీ పడని వాలుకీ మధ్య గీత గీసినట్టు కనబడుతుంది, ఒకవైపు గడ్డి, ఒకవైపు వేలు దూరేంత లోతు గాడులు.

నాటడానికి వచ్చేవాళ్లు కాలి నల్లబడిన మానుల కింద టెంట్ వేయకండి. నిలబడి ఉన్నాయంటే గట్టిగా ఉన్నాయని కాదు. వేళ్లు లోపల కాలిపోయి, గాలి లేని రోజున కూడా చప్పుడు లేకుండా ఒరిగిపోతాయి.

సాయం చేయాలనిపిస్తే జూన్‌లో రండి, పార పట్టుకుని. ప్రతి క్యాబిన్ దారి కిందా ఒక కల్వర్టు గొట్టం ఉంటుంది, మాది పద్దెనిమిది అంగుళాలది. ఒక్క చిన్న వానకే కాలిన పుల్లలు, బూడిద చేరి సగం మూసుకుపోతుంది, రెండో వానకి నీళ్లు దారి మీదెక్కి ఇంటివైపు తిరుగుతాయి. వాన వాన మధ్యా దాన్ని ఖాళీ చేయడమే వేసవిలో నా ఆదివారం పని. పెద్దాయన మోకాళ్లు సహకరించవు కాబట్టి ఆయనది కూడా నేనే తీస్తాను.

అమ్మ ఈసారి వచ్చి ఒక నెల ఉంటానంటోంది. జులై, ఆగస్టు వద్దమ్మా, సెప్టెంబరు రెండో వారం దాటాక టికెట్ తీస్తాను, ఆస్పెన్ ఆకులు పసుపుపచ్చగా తిరిగే టైమ్ అది అని చెప్పాను.