నార్త్ విల్క్స్‌బరో: రేసులు తరలిపోయిన ఊరికి రేసులు తిరిగొచ్చిన కథ

అమెరికాలో మామూలు కార్ల రూపంలో ఉండే బళ్లతో జరిగే నాస్కార్ రేసు చూడ్డానికి ఏ ట్రాక్‌కి వెళ్లాలని అడిగితే ఎక్కువమంది డేటోనా పేరే చెబుతారు. తప్పేం లేదు, 1959లో తెరిచిన ఆ 2.5 మైళ్ల ట్రాక్ మలుపుల్లో 31 డిగ్రీల వాలు ఉంటుంది, అదెంత నిటారుగా ఉంటుందో టీవీలో అస్సలు తెలియదు. కానీ ఈ ఆట ఎక్కడి నుంచి వచ్చిందో, మధ్యలో ఎవరికి అన్యాయం చేసిందో తెలియాలంటే మాత్రం నార్త్ కరోలినా కొండల్లోని నార్త్ విల్క్స్‌బరోకి వెళ్లాలి.

ఆ ఊరున్న విల్క్స్ కౌంటీ నాటుసారాకి పేరుమోసింది. 1933లో అమెరికాలో మద్యనిషేధం ఎత్తేశాక కూడా అక్కడ పన్ను కట్టకుండా సారా కాచడం, రాత్రిపూట కొండదారుల్లో పట్నాలకు చేరవేయడం ఆగలేదు. ఆ పనికి వాడే బండి పైకి మామూలు ఫోర్డ్ కారులా కనిపించాలి, ఇంజన్ మాత్రం వెంటపడే అధికారుల కారుకి అందకూడదు, నిండా సారా ఎక్కించినా వెనక భాగం కుంగకుండా గట్టి స్ప్రింగులు వేయాలి. ఆ కార్లు తోలిన కుర్రాళ్లలో చాలామంది పందేల్లోకి వచ్చారు. 1949 జూన్‌లో షార్లెట్‌లో జరిగిన నాస్కార్ తొలి స్ట్రిక్ట్‌లీ స్టాక్ రేసులో మొదట వచ్చిన గ్లెన్ డనవే గెలుపుని రద్దు చేసింది కూడా ఈ వెనక స్ప్రింగుల వల్లే. కారు షోరూం నుంచి వచ్చినట్టే ఉండాలన్నది రూలు, ఆయన తోలిందేమో సారా రవాణాకి తయారుచేసిన బండి.

నార్త్ విల్క్స్‌బరో ట్రాక్ అప్పటికే, 1947లోనే, ఎనాక్ స్టేలీ చేతుల మీదుగా మొదలైంది. చుట్టుకొలత 0.625 మైళ్లు, అంటే దాదాపు ఒక కిలోమీటరు. నేలని పూర్తిగా చదును చేయించడానికి డబ్బు చాలలేదంటారు, అందుకే ఈ రోజుకీ స్టాండ్ల ముందు కార్లు పల్లంలోకి దిగుతాయి, అవతలి వైపు ఎగువకి ఎక్కుతాయి. ఆ 1949 సీజన్ చివరి రేసు ఇక్కడే జరిగింది. ఇదే కౌంటీవాడైన రేసర్ జూనియర్ జాన్సన్ 1956లో తండ్రి సారా బట్టీ దగ్గర పట్టుబడి 11 నెలలు జైల్లో ఉన్నాడు, బయటికొచ్చి మళ్లీ రేసుల్లో దిగాడు, కెరీర్ మొత్తం మీద 50 రేసులు గెలిచాడు, 1986లో అధ్యక్షుడు రీగన్ క్షమాభిక్ష కూడా పొందాడు.

ఇంత చరిత్ర ఉన్న ట్రాక్ మూతపడింది జనం రాకపోవడం వల్ల కాదు. నాస్కార్‌లో ట్రాక్ విలువంతా దానికి కేటాయించిన రేసు తేదీల్లోనే ఉంటుంది. నార్త్ విల్క్స్‌బరోకి ఏటా రెండు తేదీలుండేవి. 90ల్లో టీవీ డబ్బు, పెద్ద స్టేడియాల జోరు మొదలయ్యాక ఆ తేదీలకి గిరాకీ పెరిగింది. 1995లో స్టేలీ చనిపోయాక ట్రాక్‌లో సగం వాటా బ్రూటన్ స్మిత్‌కి, మిగతా సగం బాబ్ బారేకి వెళ్లింది, ఇద్దరూ వేరే ట్రాక్‌ల యజమానులే. ఒక తేదీని స్మిత్ తన కొత్త టెక్సస్ ట్రాక్‌కి, రెండోదాన్ని బారే తన న్యూ హాంప్‌షైర్ ట్రాక్‌కి పట్టుకుపోయారు. 1996 సెప్టెంబర్ 29న జెఫ్ గోర్డన్ గెలిచిన రేసే అప్పటికి చివరిది. వ్యాపారంగా అది లెక్కకి సరిపోయి ఉండొచ్చు, కానీ ఆటని పుట్టించిన ఊళ్లలో ఒకదాన్ని రెండు సంతకాలతో ఖాళీ చేయడం అన్యాయమే అని నేను ఇప్పటికీ గట్టిగా అంటాను.

తర్వాత స్టాండ్లు తుప్పుపట్టాయి, ట్రాక్ మీద పిచ్చిమొక్కలు మొలిచాయి. 2010లో తెరిచారు గానీ మరుసటి ఏడాదే మళ్లీ మూసేశారు. అభిమానులు, ఊరివాళ్లు మాత్రం వదల్లేదు. 2019 డిసెంబర్‌లో పేరున్న మాజీ నాస్కార్ డ్రైవర్ డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్ కొందరిని వెంటబెట్టుకుని వెళ్లి కలుపు తీయించాడు, కంప్యూటర్ రేసింగ్ గేమ్ ఐరేసింగ్ కోసం ట్రాక్‌ని స్కాన్ చేయించాడు, కనీసం గేమ్‌లోనైనా బతికుంటుందని. అక్కడి నుంచి ఊపు వచ్చింది. 2021లో రాష్ట్ర ప్రభుత్వం కోవిడ్ సహాయ నిధుల నుంచి 1.8 కోట్ల డాలర్లు కేటాయించింది, బ్రూటన్ కొడుకు మార్కస్ స్మిత్ పునర్నిర్మాణం చేపట్టాడు. 2023 మేలో నాస్కార్ ఆల్‌స్టార్ రేసు, అంటే మేటి డ్రైవర్లకి పెట్టే ప్రత్యేక రేసు, ఇక్కడ జరిగింది, 1981 నాటి పాత తారు మీదే, కైల్ లార్సన్ గెలిచాడు. మరుసటి ఏడాది స్టాండ్లు శుభ్రం చేస్తుంటే కింద సుమారు 700 చదరపు అడుగుల గుహలాంటి ఖాళీ బయటపడింది, అది సారా బట్టీయేనని ఊళ్లో చాలామంది అనుమానం.

షార్లెట్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామందే ఉన్నారు, అక్కడి నుంచి కారులో గంటన్నర పడుతుందేమో. ఓపిక ఉంటే అదే ట్రిప్‌లో ఇంకో రెండు చూడొచ్చు: 1947లోనే మొదలైన వర్జీనియాలోని మార్టిన్స్‌విల్, అక్కడ గెలిచినవాళ్లకి నిలువెత్తు గడియారం ఇస్తారు, సౌత్ కరోలినాలో 1950లో తెరిచిన డార్లింగ్టన్, పక్కనున్న చేపల చెరువుని కదపనివ్వనని ఆ చెరువు యజమాని పట్టుబట్టడంతో అది ఒకవైపు ఇరుకైన గుడ్డు ఆకారంలో వచ్చింది. నార్త్ విల్క్స్‌బరోలో మాత్రం సీటు కాస్త పైవరసలో తీసుకోండి, కార్లు ఇటు దిగి అటు ఎక్కడం రెండూ కనపడాలంటే అంత ఎత్తు కావాలి.