జ్వరం పోయాక కాళ్ళు ఎందుకు మొరాయిస్తాయి?

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్ళకు తాత ఆశీస్సులు.

నిన్న చిన్నబాబు ఫోనులో అడిగాడు: "తాతా, జ్వరం పోయింది కదా, మరి పొద్దున లేచేసరికి కాలు కింద పెట్టలేకపోయానెందుకు?" ఫోనులో తేలిపోయే ప్రశ్న కాదది. అందుకే ఈ ఉత్తరం.

వాడు మునివేళ్ళ మీద నడుస్తున్నాడని వినగానే మీ నానమ్మ కంటతడి పెట్టుకుంది. మన దేవరకొండకు అవతల మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్ళలో ఫ్లోరైడ్ నీళ్ళతో కాళ్ళు వంకరపోయిన మనుషులను చూస్తూ పెరిగినవాళ్ళం మేము. ఈ నల్లగొండ జిల్లాలో పిల్లవాడి నడక మారితే పెద్దల మనసు ముందు అటే పోతుంది. కానీ ఫ్లోరైడ్ ఏళ్ళ తరబడి ఎముకను పట్టి పీడిస్తుంది, ఒక్క రాత్రిలో కాదు. చిన్నబాబుకు నొప్పి పిక్క కండలో ఉంది. ఫ్లూ వంటి వైరస్ జ్వరం తగ్గుతున్న వేళ కొందరు పిల్లలకు వచ్చే కండరాల వాపు అది.

నా చిన్నతనంలో డిండి వాగు పక్కన మాకు పల్లి చేను ఉండేది. యాసంగిలో కాయ ముదిరే వేళకు అడవిపందులు దిగేవి. నాన్నా నేనూ మంచె మీద పడుకునేవాళ్ళం. చీకట్లో మట్టి పెకలిస్తున్న చప్పుడు కాగానే నాన్న డబ్బా మోగించేవాడు. చుట్టుపక్కల చేలవాళ్ళు కట్టెలు, కాగడాలు పట్టుకుని కేకలు వేస్తూ వచ్చేవాళ్ళు. పందులు పారిపోయేవి. తెల్లవారాక చూస్తే సాళ్ళకు సాళ్ళు నేలమట్టం! పందులు తొక్కినవి ఎన్నో, తరిమినవాళ్ళు తొక్కినవి ఎన్నో ఎవరు చెప్పగలరు?

చిన్నబాబు పిక్కల్లోనూ ఇదే జరిగింది. వైరస్ పంది, దాన్ని తరిమేవి ఒంట్లోని తెల్లకణాలు. వైరసే కండను పాడుచేస్తుందా, తరిమే తొక్కిడిలో పాడవుతుందా అన్నది వైద్యులు కూడా ఇంకా పూర్తిగా తేల్చలేదు. ఏదైనా, నష్టం కంటపడేది పందులు వెళ్ళిపోయాకే.

మా చేను పక్కన కాలువ ఉండేది. తెగిపడిన కాయలు అందులో కొట్టుకుపోయేవి. కింది చేను పెద్దాయన తూము దగ్గర కాయలు చూసి, "రాత్రి మీ చేలో పడ్డాయా?" అని కేకేసేవాడు. మొన్న చిన్నబాబుకు చేసిన రక్త పరీక్ష కూడా అంతే. కండలో ఉండవలసిన క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైమ్ రక్తంలోకి కొట్టుకొస్తుంది. మామూలుగా సుమారు 200 లోపు ఉండే దాని అంకె వేలల్లోకి పోవచ్చు. కాయలు తేలినంత మాత్రాన చేనంతా పోయినట్టు కాదు, భయపడకండి. అయితే తూముకు చెత్త అడ్డం పడితే నీరు ఆగిపోతుంది. కండలోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ మరీ ఎక్కువగా రక్తంలోకి వస్తే మూత్రపిండాలకూ అదే గతి. అరుదే, కానీ దాని గుర్తు తెలిసి ఉండాలి: మూత్రం డికాక్షన్ రంగులోకి మారడం. అప్పుడు తెల్లవారేదాకా ఆగకూడదు. చిన్నబాబూ, నీళ్ళు బాగా తాగు. మూత్రం రంగు చూసి అమ్మకు చెప్పు, సిగ్గుపడకు. కాళ్ళు చచ్చుబడి ఆ బలహీనత పైకి పాకినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

స్వీడన్ వైద్యుడు లుండ్‌బర్గ్ 1957లోనే ఇలాంటి పిల్లల గురించి రాశాడు. బడి వయసు పిల్లల్లో, అందులోనూ మగపిల్లల్లో ఇది ఎక్కువ. ఎక్కువగా బి రకం ఫ్లూ తర్వాత వస్తుంది. చాలామందికి వారం లోపే తగ్గిపోతుంది. విశ్రాంతి, నీళ్ళు, బరువును బట్టి డాక్టరు చెప్పిన పారాసిటమాల్ చాలు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. డెంగీ కాదని తేలేదాకా వేరే నొప్పి మాత్రలూ వద్దు. తుంటికి సూది వేయించుకుంటే నొప్పి పెరుగుతుంది, పరీక్ష అంకె కూడా తప్పుదారి పడుతుంది. పిక్కలను నూనె రాసి గట్టిగా పిసకవద్దని నానమ్మకు నా మాటగా చెప్పండి.

మరొక మాట. బడి ఎగ్గొట్టడానికి వేషం వేస్తున్నాడని వాడిని ఎవరూ ఆటపట్టించవద్దు. ఒకరి నొప్పి మనకు కనబడనంత మాత్రాన అది అబద్ధం కాదు.

పందులు పడిన చేనును ఆ ఏడు మళ్ళీ విత్తలేకపోయేవాళ్ళం. కండ అలా కాదు. కండపోగుల అంచున కొన్ని కణాలు నిద్రపోతూ ఉంటాయి. 1961లో అలెగ్జాండర్ మౌరో అనే శాస్త్రవేత్త ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో వాటిని చూశాడు. పోగు దెబ్బతింటే అవి లేచి, పెరిగి, పోగులతో కలిసిపోయి కొత్త కండ కడతాయి. చిన్నబాబు దుప్పటి కప్పుకుని పడుకున్న ఈ పూట కూడా అవి పనిలోనే ఉన్నాయి. ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఆశ్చర్యమే.

నొప్పి పూర్తిగా పోయాక గోడ పట్టుకుని మడమలు ఎత్తి నిలబడు. చెల్లిని నీ పిక్క మీద చెయ్యి వేయమను. ముద్దలా బిగిసి పైకి జరిగేదే ఆ కండ. తర్వాత ఇద్దరూ వెళ్ళి మన మేకపిల్ల వెనక కాలిలో అదే కండ ఎక్కడుందో వెతకండి. దాని మడమ ఎక్కడుందో కూడా కనిపెట్టి నాకు రాయండి.

మీ తాత